తుంటి ఇంపింజ్‌మెంట్‌కి కీహోల్ సర్జరీ: పదేళ్ల తర్వాత సంగతేంటి?

ప్రశ్న

తమ్ముడికి 34 ఏళ్లు. గొంతుక్కూర్చున్నా, కారు దిగుతున్నా కుడి గజ్జలో పట్టేస్తుంది. తొడ ఎముక తలకీ మెడకీ మధ్య గడ్డలా పెరిగిన ఎముక, కటి ఎముకలోని గిన్నె అంచుకి తగిలే క్యామ్ రకం ఇంపింజ్‌మెంట్ అన్నారు. ఆల్ఫా యాంగిల్ (ఆ గడ్డ ఎంత పెద్దదో చెప్పే కొలత) 68 డిగ్రీలు, లేబ్రమ్ (గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) చిరిగింది. నాలుగు నెలలు ఫిజియో చేయిస్తే నొప్పి సగమే తగ్గింది. ఆర్థ్రోస్కోపీ (కీహోల్ సర్జరీ) చేయించుకోమంటున్నారు. ఏడాది రెండేళ్ల ఫలితాలు అందరూ చెబుతున్నారు గానీ పదేళ్లకి ఎలా ఉంటుంది? ఇప్పుడు చేయిస్తే ముందుముందు తుంటి మార్పిడి తప్పుతుందా?

జవాబు 1 (ఆర్థోపెడిక్స్)

మీరు ఆల్ఫా యాంగిల్ రాశారు, జాయింట్ స్పేస్ రాయలేదు. పదేళ్ల సంగతి ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది. పెల్విస్ ఎక్స్‌రేలో బంతికీ (తొడ ఎముక తల) గిన్నెకీ మధ్య సందు 2 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ ఉంటే కార్టిలేజ్ (ఎముకల మీది నున్నటి పొర) అప్పటికే అరిగిపోయినట్టు. అప్పుడు ఎముక ఎంత బాగా చెక్కినా ఫలితం నిలవదు.

అమెరికాలోని వెయిల్ బృందం 2017లో ఇచ్చిన పదేళ్ల లెక్కలో దాదాపు మూడోవంతు మందికి తుంటి మార్పిడి అయింది. ఆ అంకె చూసి బెదిరిపోకండి. వయసు పైబడినవాళ్లకీ, సందు 2 మి.మీ.కి పడిపోయినవాళ్లకీ, గిన్నెలో మైక్రోఫ్రాక్చర్ (అరిగిన చోట ఎముకకి చిన్న రంధ్రాలు వేయడం) చేయాల్సి వచ్చినవాళ్లకీ ఆ ముప్పు ఎక్కువ. మార్పిడి దాకా వెళ్లనివాళ్లలో పదేళ్లకీ పనితీరు బాగానే ఉంది.

రెండో ప్రశ్నకి: ఈ సర్జరీ నొప్పి తగ్గించడానికీ, కదలిక పెంచడానికీ. అరుగుదలని ఆపుతుందని గట్టిగా రుజువు కాలేదు. ఎవరైనా ఆపుతుందని మాటిస్తే నమ్మకండి.

జవాబు 2 (ఫిజియోథెరపీ)

ఆ నాలుగు నెలల్లో ఏం చేయించారు? కాపడం, కరెంటు మెషీన్ మాత్రమే అయితే దాన్ని ఫిజియోగా లెక్కేయొద్దు. పిరుదు కండరాలు, పొట్ట కండరాలు బలపడాలి. మోకాలిని ఛాతీకి లాగి లోపలికి తిప్పే స్ట్రెచ్ చేయించి ఉంటే అదే నొప్పిని పెంచుతుంది, ఎందుకంటే గడ్డ గిన్నె అంచుకి తగిలేది సరిగ్గా ఆ భంగిమలోనే.

బ్రిటన్‌లో 348 మందితో చేసి 2018లో ప్రచురించిన ట్రయల్‌లో ఏడాదికి సర్జరీ వాళ్ల తుంటి స్కోరు (ఎక్కువైతే మేలు) 100కి 58.8, పద్ధతిగా వ్యాయామం చేసినవాళ్లది 49.7. సర్జరీదే పైచేయి, నిజమే. కానీ రెండు వర్గాలూ మెరుగయ్యాయి, సర్జరీ వాళ్లు కూడా 100 దగ్గరికి రాలేదు.

ప్రశ్న వేసినవారు

ఎక్స్‌రే మళ్లీ చూపించాం. సందు 4 మి.మీ., సెంటర్ ఎడ్జ్ యాంగిల్ (గిన్నె బంతిని ఎంత కప్పిందో చెప్పే కోణం) 31. ఫిజియోలో ఎక్కువగా మెషీన్లే.

జవాబు 3 (ఆర్థ్రోస్కోపీ)

రెండు కొలతలూ మంచివే. ఆ యాంగిల్ 20 లోపు ఉంటే గిన్నె లోతు చాలనట్టు. అక్కడ ఆర్థ్రోస్కోపీ ఒక్కటే చేస్తే కీలు మరింత వదులయ్యే ప్రమాదం ఉంది. మీ తమ్ముడికి ఆ భయం లేదు. ముందు మూడు నెలలు సరైన వ్యాయామం చేయించండి. అప్పటికీ తగ్గకపోతే సర్జన్ని ఇవి అడగండి.

చెక్కడం పూర్తయిందని ఆపరేషన్ గదిలోని ఎక్స్‌రే మెషీన్ సి-ఆర్మ్‌లో కాలిని రకరకాల కోణాల్లో తిప్పి చూస్తారా? మళ్లీ సర్జరీ అవసరమయ్యే కారణాల్లో ముందు వరసలో ఉండేది మిగిలిపోయిన గడ్డే. అలాగని అతిగా చెక్కినా ముప్పే: తొడ ఎముక మెడ మందంలో 30 శాతం దాటి తీస్తే ఎముక విరిగే అవకాశం పెరుగుతుంది. లేబ్రమ్‌ని కత్తిరించేస్తారా, యాంకర్లతో (ఎముకలో దిగే చిన్న మేకులతో) కుడతారా? కోసిన క్యాప్సూల్ (కీలు చుట్టూ ఉండే సంచి) మళ్లీ కుడతారా? ట్రాక్షన్ (సర్జరీలో కాలిని లాగి పట్టి ఉంచడం) రెండు గంటలు దాటకూడదు. దాటితే మర్మాంగాల దగ్గర తిమ్మిరి వచ్చే అవకాశం ఎక్కువ, చాలామందికి అది వారాల్లో తగ్గిపోతుంది.

తర్వాత రెండు మూడు వారాలు చంకకర్రలు, పాదం నేలకి ఆనించి కొద్ది బరువే వేయాలి. మైక్రోఫ్రాక్చర్ చేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు. మొదటి రోజుల నుంచే ఎవరో ఒకరు కాలిని పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పాలి, లేకపోతే లోపల అతుకులు పడతాయి. ఈ పని ఇంట్లోవాళ్లే నేర్చుకోవాలి. మొదటి మూడు నెలలు గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు రెండూ వద్దు. ఇంట్లో నేల టాయిలెట్ ఉంటే సర్జరీకి ముందే కమోడ్ కుర్చీ తెచ్చిపెట్టుకోండి.