నీళ్లు తగ్గిన ఆకులో ఏబీఏ ఎటు పోతుంది?

ప్రశ్న: నమస్కారం అండీ. గుంటూరులో బీఎస్సీ రెండో ఏడాది. అబ్సిసిక్ ఆమ్లం, అదే ఏబీఏ అనే మొక్కల హార్మోను, హరితరేణువుల్లో పోగవుతుందని ఒక పాఠంలో ఉంది. పత్రరంధ్రాలకు అటూ ఇటూ ఉండే రక్షక కణాలకు చేరి ఆ రంధ్రాలు మూయిస్తుందని ఇంకో పాఠంలో ఉంది. రెండూ ఎలా కుదురుతాయి? సోమవారం సెమినార్, టెన్షన్‌గా ఉంది.

జవాబు, విజయవాడ నుంచి: రెండూ నిజమేనమ్మా. పీహెచ్, అంటే ఆమ్లత కొలత (అంకె తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ), పట్టుకుంటే చిక్కు విడిపోతుంది. ఏబీఏ బలహీన ఆమ్లం, పీకేఏ (సగం అణువులు హైడ్రోజన్ అయాన్‌ని వదిలేసి ఉండే పీహెచ్) 4.7. హైడ్రోజన్ అయాన్ అంటుకుని ఉన్న అణువు కణం పొరను దాటేస్తుంది. దాన్ని వదిలేసి రుణావేశం వచ్చిన అణువు సొంతంగా దాదాపు దాటలేదు. ఇప్పుడు ఆకులోకి చూడు. కణాల గోడల్లోని తడి పీహెచ్ 6కి అటూ ఇటూ, కణద్రవ్యంలో 7 పైచిలుకు, ఎండ పడుతున్నప్పుడు స్ట్రోమాలో, అంటే హరితరేణువు లోపలి ద్రవంలో, 8 దాకా. కాగితం మీద లెక్క వేసుకో. పీహెచ్ 6 దగ్గర 21 అణువుల్లో ఒకటి దాటగలదు. 8 దగ్గర దాదాపు 2000కి ఒకటి. లోపలికి వెళ్లింది బోనులో పడ్డట్టే. అందుకే పగలు హరితరేణువుల్లో పోగవుతుంది.

నీళ్లు తగ్గితే దారువు (వేళ్ల నుంచి నీళ్లు తెచ్చే నాళాలు) రసం, గోడల్లోని తడి పీహెచ్ 7 వైపు జరుగుతాయి. అక్కడ దాటగలిగేది 200కి ఒకటే. దాంతో పత్రాంతర కణాలు, అంటే ఆకు లోపలి పచ్చటి కణాలు, ఏబీఏని అంతగా లాక్కోలేవు, అది గోడల వెంట రక్షక కణాల దాకా వెళ్తుంది. నీటి ఎద్దడి ముదిరితే ఆకు కూడా కొత్తగా తయారు చేస్తుంది. ఆ పని హరితరేణువులో మొదలై కణద్రవ్యంలో ముగుస్తుంది.

ప్రశ్న: మేడమ్, 7 దగ్గర దాటలేకపోతే రక్షక కణం లోపలికి మాత్రం ఎలా వెళ్తుంది?

జవాబు: మంచి ప్రశ్న, సెమినార్‌లో ఇదే అడుగుతారు. ముదిరిన రక్షక కణాలకు పక్క కణాలతో ప్లాస్మోడెస్మాటా, అంటే కణాలను కలిపే సన్నని దారులు, ఉండవు, గోడ వైపు నుంచే రావాలి. అందుకు వాహక ప్రోటీన్లున్నాయి. అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో ఏబీసీజీ 40 అనే ప్రోటీన్ లోపలికి తెస్తుంది, ఏబీసీజీ 25 బయటికి పంపుతుంది. రెండూ 2010లో బయటపడ్డాయి. లోపలికొచ్చాక ఏబీఏని పట్టుకునే గ్రాహక ప్రోటీన్లు కణద్రవ్యంలో, కేంద్రకంలో ఉంటాయి.

చూపించడానికి రెండు మిర్చి కుండీలు పెట్టు. ఒకదానికి ఆకులు వాలేదాకా నీళ్లు ఆపు. మధ్యాహ్నం ఆకు అడుగువైపు రంగులేని నెయిల్ పాలిష్ పలుచగా రాసి, ఆరాక సెల్లోటేపుతో ఊడదీసి స్లైడు మీద అంటించు. తడి కుండీ ఆకులో రంధ్రాలు నోరు తెరుచుకుని, ఎండిన దానిలో సన్నని గీతల్లా కనిపిస్తాయి. నెయిల్ పాలిష్ ఆరకముందే లాగితే మాత్రం అచ్చు చెదురుతుంది, పది నిమిషాలు ఆగు.