క్యారవాన్‌లో పలకలోకి దింపేసి ఉన్న టీవీ మార్చాలి: 24 అంగుళాలది తీసి 32 పెట్టొచ్చా?

కొంపల్లి_క్యారవాన్:

టెంపో ట్రావెలర్ మీద కట్టిన సెకండ్‌హ్యాండ్ క్యారవాన్. బండి బ్యాటరీ, లోపలి సామాన్లు నడిపే హౌస్ బ్యాటరీ రెండూ 12 వోల్టులే. హౌస్ బ్యాటరీ 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్, పైన 200 వాట్ల సోలార్ ప్యానెల్, లోపల 1000 వీఏ ఇన్వర్టర్. సోఫాకి ఎదురుగా కప్‌బోర్డు పలకను కోసి అందులో 24 అంగుళాల 12 వోల్టుల టీవీ దింపారు. చుట్టూ నల్ల ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉంది, స్క్రూ ఒక్కటీ కనబడదు.

తెర ఎడమవైపు మూడో వంతు ఎప్పుడూ చీకటే. మిగతాది ఇంజన్ నడుస్తుంటే బాగానే వస్తుంది. ఇంజన్ ఆపిన పది నిమిషాలకి బొమ్మ పోయి మాట ఒక్కటే మిగులుతుంది.

పలకలో కోత 58 × 36 సెం.మీ., లోతు 11 సెం.మీ. పలక మొత్తం వెడల్పు 86 సెం.మీ. ఫ్రేమ్ విరగకుండా ఎలా తీయాలి? 32 అంగుళాలది పడుతుందా? ఇంట్లో వాడే మామూలు 230 వోల్టుల టీవీ ఇన్వర్టర్ మీద నడపొచ్చా, 12 వోల్టులదే వెతుక్కోవాలా?

మల్టీమీటర్_మామ:

అన్నా, విప్పుడు తర్వాత, ముంగట మీటర్ తియ్యున్రి. మీరు ఒక్కటే జబ్బు అనుకుంటున్నరు గని రెండున్నయ్.

ఎడమదిక్కు చీకటి టీవీ లోపలి సంగతి. లైట్లన్నీ ఆపి, టీవీ నడుస్తుండంగ ఆ చీకటి భాగం మీద టార్చ్ ఏటవాలుగ కొట్టున్రి. బొమ్మ మసకగ కదిలితే ప్యానెల్ మంచిగనే ఉంది, దాని ఎనక ఎల్‌ఈడీ పట్టీ పోయిందన్నట్టు. కోఠి గుజరాతీ గల్లీల పట్టీ దొరుకుతది. గని పట్టీ మార్చాలంటే గాజు ప్యానెల్‌ను లేపాలె, అంచున ఉండే రిబ్బన్ జర గుంజుకుపోయినా టీవీ మొత్తం పాయె. 24 అంగుళాల పాత టీవీకి గంత తిప్పలు ఎందుకంట నేను.

ఇంజన్ నడిస్తే వస్తది, ఆపితే పోతది అన్నరు చూడున్రి, గది టీవీ జబ్బు కాదు, వైరుది. కొత్త టీవీ పెట్టినా గదే లొల్లి ఉంటది. మూడు రీడింగులు చెప్పున్రి: ఇంజన్ ఆపి అరగంట అయినంక బ్యాటరీ టర్మినల్ మీద ఎంత, టీవీ ఆపి ఉన్నప్పుడు టీవీ ప్లగ్ దగ్గర ఎంత, టీవీ నడుస్తున్నప్పుడు అదే ప్లగ్ దగ్గర ఎంత. మూడోదే అసలు రీడింగ్. లోడ్ లేకుంటే ఎంత పాడైన వైరైనా 12 చూపిస్తది.

కొంపల్లి_క్యారవాన్:

బ్యాటరీ దగ్గర 12.5. ప్లగ్ దగ్గర టీవీ ఆపితే 12.4, ఆన్ చేస్తే 10.7. క్లాంప్ మీటర్‌లో 2.5 ఆంపియర్లు. టార్చ్ కొడితే బొమ్మ మసకగా కదులుతోంది.

మల్టీమీటర్_మామ:

ఇగ లెక్క చూడున్రి. 12.5ల నుంచి 10.7 తీసేస్తే 1.8 వోల్టులు దారిలనే పోతున్నయ్. బ్యాటరీ నుంచి టీవీ దాకా 6 మీటర్లు అనుకుంటే పోను రాను 12 మీటర్ల రాగి. 1 స్క్వేర్ ఎంఎం వైరైతే మొత్తం 0.23 ఓమ్‌ల దగ్గర ఉంటది, 2.5 ఆంపియర్లకి 0.6 వోల్ట్ తింటది. మిగతా 1.2 ఏడ పోతున్నట్టు? జాయింట్ల.

మీటర్‌ను డీసీ వోల్టుల మీదనే ఉంచి, టీవీ నడుస్తుండంగ ఒక కొనను ఫ్యూజ్ హోల్డర్‌కు ఈ దిక్కు, ఇంకో కొనను ఆ దిక్కు పెట్టున్రి. 0.1 కంటే ఎక్కువ చూపిస్తే దొంగ గదే. స్విచ్‌కి, టేప్ చుట్టిన ప్రతి జాయింట్‌కి, నెగెటివ్‌ను బాడీకి బిగించిన బోల్ట్‌కి గూడ ఇట్లనే చూడున్రి. నెగెటివ్ దిక్కు ఎవ్వరూ చూడరు, సగం సార్లు అక్కడ్నే ఉంటది.

వైరు మారుస్తుంటే 2.5 స్క్వేర్ ఎంఎం వెయ్యున్రి, డ్రాప్ పావు వోల్ట్‌కు దిగుతది. నెగెటివ్‌ను బాడీ నుంచి తీసుకోకుండ బ్యాటరీ దాకా వేరే వైరు తెచ్చుకోవాలె. లేకుంటే ఆల్టర్నేటర్ కూత స్పీకర్లల్ల వినబడుతది. 7.5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజ్ బ్యాటరీ దగ్గర్నే పెట్టున్రి, టీవీ దగ్గర కాదు. ఫ్యూజ్ కాపాడేది టీవీని కాదు, వైరును.

ప్లైవుడ్_పని:

తీసే పని గురించి చెబుతా.

ముందు కరెంటు. బయటి 230 వోల్టుల ప్లగ్ పీకి, ఇన్వర్టర్ ఆపండి. తర్వాత సోలార్ ప్యానెల్ వైర్లు, ఆ తర్వాతే బ్యాటరీ నెగెటివ్. ఈ వరస తిప్పకండి. ప్యానెల్ ఉండగా బ్యాటరీ తీసేస్తే కొన్ని సోలార్ కంట్రోలర్లు (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి సరిచేసి పంపే పెట్టెలు) ప్యానెల్ వోల్టేజీని అలాగే లోడ్ వైపు తోసేస్తాయి. అది 12 వోల్టుల లైట్లకీ, పంపుకీ మంచిది కాదు.

ఫ్రేమ్‌లో స్క్రూ కనబడటం లేదంటే మూడు రకాలుగా బిగించి ఉండొచ్చు. బటన్ అంత గుండ్రటి ప్లాస్టిక్ మూతల కింద స్క్రూలు దాచడం ఒకటి. లోపల క్లిప్పులు పెట్టి నొక్కేయడం రెండోది. రెండువైపుల టేపుతోనో పీయూ (పాలీయురెథేన్) సీలెంట్‌తోనో అంటించేయడం మూడోది. చిన్న బలమైన అయస్కాంతం తీసుకుని ఫ్రేమ్ మీద మెల్లగా జరపండి. ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఇనుము ఉంది. నాలుగు మూలల్లో పట్టుకుంటే స్క్రూలు, ఎక్కడా పట్టుకోకపోతే అంటించినదో, ప్లాస్టిక్ క్లిప్పులతో నొక్కినదో అయ్యుంటుంది.

అంటించినదైతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి, లామినేట్ ఊడి వస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో మూల రెండు నిమిషాలు వెచ్చబెట్టి, సందులోకి చేపల గాలం తాడు దూర్చి, రెండు చేతులతో రంపంలా ఇటూ అటూ లాగుతూ పోతే జిగురు తెగుతుంది. క్లిప్పులకైతే కారు డోర్ ప్యాడ్లు తీసే ప్లాస్టిక్ పట్టీలు వాడండి. రాణిగంజ్‌లో దొరుకుతాయి.

ఫ్రేమ్ తీసినా టీవీ కదలకపోతే బలవంతం వద్దు. చాలా బండ్లలో టీవీని వెనక నుంచి బిగించి, ఆ తర్వాతే పలక నిలబెడతారు. పక్క వార్డ్‌రోబ్ తలుపు తీసి లోపలి వెనక పలకను తట్టి చూడండి. 3-4 మిల్లీమీటర్ల పల్చటి ప్లై సన్న మేకులతో కొట్టి ఉంటే, దారి అదే.

టీవీ బయటికి లాగడానికి ఇద్దరు కావాలి, ఒకరు పట్టుకోవాలి, ఒకరు వైర్లు చూడాలి. పట్టు బాడీ అంచుల మీదే ఉండాలి, తెర మీద వేలు పడకూడదు. వైర్లు ఊడదీసే ముందు ప్రతి దానికీ నైలాన్ పురికొస కట్టి, రెండో కొసను బయట టేపుతో అంటించండి. లేకపోతే యాంటెనా వైరు గోడ లోపలికి జారిపోతుంది, అది మళ్ళీ తీయడానికి సగం పూట పడుతుంది.

ఆంపియర్ల_లెక్క:

32 సంగతి నేను చెప్తాను. 32 అంగుళాల టీవీ బయటి కొలత సుమారు 72-73 × 43 సెం.మీ. కోతలోకి దిగదు, పైన కప్పినట్టు పెట్టాలి. 86 పలక మీద వెడల్పుకి చాలుతుంది. చిక్కు ఎక్కడంటే, 32కి వెనక స్క్రూ రంధ్రాలు సాధారణంగా 200 × 100 లేదా 200 × 200 మి.మీ. దూరంలో ఉంటాయి, అంటే బ్రాకెట్ వచ్చి సరిగ్గా మీ కోత మధ్యలో, గాలిలో నిలబడుతుంది. కోతను 18 మి.మీ. ప్లైతో వెనక నుంచి మూసి, ఆ ప్లై పలక మీదకి అన్ని వైపులా 8-10 సెం.మీ. ఎక్కేలా బోల్టులు వేస్తేగానీ ఆగదు. పైగా టీవీ, బ్రాకెట్ కలిపి 10 సెం.మీ. దాకా నడిచే దారిలోకి వస్తాయి. టెంపో ట్రావెలర్ వెడల్పులో అది మోచేతికి రోజూ తగిలే దూరం.

కరెంటు లెక్క కూడా చూడండి. 32 అంగుళాల 230 వోల్టుల టీవీ 45-50 వాట్లు. ఇన్వర్టర్ నష్టం, అది ఊరికే తాగేది కలిపితే బ్యాటరీ నుంచి 60-65 వాట్లు, అంటే గంటకి 5 ఏహెచ్. రోజుకి నాలుగు గంటలు చూస్తే 20 ఏహెచ్. 24 అంగుళాల డీసీ టీవీ 25 వాట్లే, నాలుగు గంటలకి 8 ఏహెచ్. మీ 150 ఏహెచ్ ట్యూబులర్‌లో సగమే వాడుకోవాలి కాబట్టి చేతిలో ఉన్నవి 75. ఫ్రిజ్, ఫ్యాన్లు ఉంటే ఆ తేడా తెలుస్తుంది.

ఇన్వర్టర్ మీద నడపడం తప్పేం కాదు, అది ఇంటి కరెంటులా నున్నటి అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ అయితే. స్క్వేర్ వేవ్‌దైతే టీవీ పవర్ బోర్డు గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది, ముందే పోతుంది. నా ఓటు 24కే. సోఫా నుంచి తెరకి మీటరున్నర కూడా ఉండదు కదా.

డీటీహెచ్ గురించి ఎలాగూ అడుగుతారు: డీడీ ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. హైదరాబాద్‌లో ఆగి ఉన్నప్పుడు ఆగ్నేయానికి, నిజ ఉత్తరం నుంచి సుమారు 138 డిగ్రీలు, ఎత్తు 63 డిగ్రీల దగ్గర వెతకండి. ఎత్తైన ఉపగ్రహం కాబట్టి చెట్టు కింద ఆపితే కష్టం.

మల్టీమీటర్_మామ:

డీసీ టీవీ అంటే నేను గూడ సై. గని ఒక్కటి చెప్పాలె. అడాప్టర్ మీద 12 అని రాసున్న మామూలు ఇంటి టీవీని తెచ్చి నేరుగ బ్యాటరీకి కలపకున్రి. బండిల 12 అనేది పేరుకే. ఇంజన్ నడుస్తుంటే 14.4, సోలార్ కంట్రోలర్ బ్యాటరీని ఈక్వలైజ్ చేస్తుంటే, అంటే కావాలని ఎక్కువ వోల్టేజ్‌తోని చార్జ్ చేస్తుంటే, 15 దాటుతది. బోర్డు మీద ఇన్‌పుట్ దగ్గర 16 వోల్టుల కెపాసిటర్ ఉంటే ఎన్ని దినాలు ఆగుతది?

మధ్యల ఒక డీసీ-డీసీ కన్వర్టర్ పెట్టున్రి. 9 నుంచి 36 దాకా ఎంతిచ్చినా 12 పక్కాగ ఇచ్చేది, 5 ఆంపియర్లది. బక్-బూస్ట్ అని అడిగి తీసుకోవాలె, బక్ అంటే వోల్టేజ్ దించుడు, బూస్ట్ అంటే లేపుడు. వట్టి బక్ అయితే బ్యాటరీ దిగంగనే దాని ఔట్‌పుట్ గూడ దిగుతది. కన్వర్టర్ టీవీ పక్కనే ఉండాలె, గప్పుడే దారిల పోయిన వోల్టేజ్‌ను అది సర్దుతది. టీవీ అడాప్టర్ మీద 19 అని ఉంటే 12 నుంచి 19కి లేపే బూస్ట్ కావాలె, గిది పనికిరాదు.

ప్లగ్ చూసుకోన్రి. బయటి మందం 5.5 మి.మీ. ఒక్కటే, లోపలి రంధ్రం 2.1 ఉంటది, 2.5 ఉంటది. 2.5 ప్లగ్‌ను 2.1 సాకెట్‌కి పెడదామంటే ఎక్కదు అనుకుంటరు, ఎక్కుతది, వదులుగ ఉండి గతుకుల మీద టీవీ ఆగిపోతుంటది. మధ్యలది పాజిటివ్ అవునో కాదో మీటర్‌తో చూసినంకనే పెట్టున్రి.

కొంపల్లి_క్యారవాన్:

అందరికీ థ్యాంక్స్. ఫ్యూజ్ హోల్డర్ మీద 0.9 వోల్ట్ చూపించింది. విప్పితే లోపల పచ్చటి తుప్పు, ప్లాస్టిక్ ఒక వైపు గోధుమరంగుకి మారింది. ఫ్రేమ్‌లో అయస్కాంతం ఆరు చోట్ల పట్టుకుంది, అన్నీ మూతల కింద స్క్రూలే. 24కే ఫిక్స్ అయ్యాను, వెనక స్క్రూ రంధ్రాలు 100 × 100 మి.మీ. దూరంలో ఉన్నాయి. పాత బ్రాకెట్ 75 × 75. ఇంకో విషయం, టీవీ వెనక ప్లై మీద పైనుంచి కిందకి నీటి మరక ఉంది.

మల్టీమీటర్_మామ:

0.9ని 2.5తో గుణించున్రి, రెండు వాట్ల కంటే ఎక్కువ వేడి ఆ బొటనవేలంత హోల్డర్‌లనే. కాలకుండ మిగిలింది, సంతోషం.

ప్లైవుడ్_పని:

మరక ముందు. టీవీ తర్వాత. యాంటెనా వైరు పైకప్పు నుంచి దిగే రంధ్రం దగ్గర సీలెంట్ పగిలి ఉంటుంది. పాతది మొత్తం గీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పీయూ సీలెంట్ వేయండి. సిలికాన్ వద్దు, దాని మీద తర్వాత ఇంకేదీ అతుక్కోదు. సీలెంట్ ఆరడానికి ఒక రోజు వదిలి, పైన బకెట్ నీళ్ళు పోసి కింద తడి చూసి, అప్పుడు పలక మూయండి. మరక పడ్డ ప్లైని స్క్రూడ్రైవర్ కొనతో గుచ్చితే దిగిపోతోందంటే ఆ ముక్క కోసి మార్చాల్సిందే, దానికి బరువు వేలాడదీయకూడదు.

బ్రాకెట్‌కి 12 మి.మీ. మెరైన్ ప్లై, ఐఎస్ 710 ముద్ర ఉన్నది వాడండి. పలకకి చెక్క స్క్రూలు కాదు, ఎం6 బోల్టులు ఆరు, వెనక పెద్ద వాషర్లు, నైలాక్ నట్లు (అదురుకి వదులు కానివి). 3 కిలోల టీవీయే కదా అనిపిస్తుంది, కానీ గుంతలో చక్రం పడ్డప్పుడు ఆ బోల్టుల మీద పడేది అంతకి ఎన్నో రెట్లు.

టీవీ వెనక 100 × 100కి ఎం4 స్క్రూలు వస్తాయి. పొడవు ఊహించి కొనొద్దు. రంధ్రంలోకి అగ్గిపుల్ల దించి, అంచు దగ్గర గోటితో గుర్తు పెట్టి తీసి కొలవండి. ఆ లోతులో నుంచి 2 మి.మీ. తగ్గించి, బ్రాకెట్ రేకు మందం, వాషర్ మందం కలిపితే మీ స్క్రూ పొడవు. ఎక్కువైతే నేరుగా బోర్డుకి తగులుతుంది. స్ప్రింగ్ వాషర్ వేయండి. థ్రెడ్ లాక్ జిగురు టీవీ వైపు పూయకండి, అది ప్లాస్టిక్‌కి తగిలితే కొన్నాళ్ళకి బాడీ పగుళ్ళిస్తుంది.

కోత 58 × 36, టీవీ 55 × 33 ఉంటుంది కాబట్టి చుట్టూ ఒకటిన్నర సెం.మీ. సందు మిగులుతుంది. అది ఫోమ్‌తో నింపేయకండి, గాలి అక్కడి నుంచే ఆడాలి. టీవీ పైన కప్‌బోర్డులోకి 25 మి.మీ. రంధ్రాలు నాలుగు, కింద నాలుగు వేసి జాలీ మూతలు పెట్టండి. మే నెలలో ఎండలో మూసి నిలబెట్టిన బండిని తెరవగానే టీవీ ఆన్ చేయకుండా కిటికీలు తీసి అరగంట ఆగండి. హెచ్‌డీఎంఐకి ఎల్ ఆకారం ప్లగ్ తీసుకోండి, 11 సెం.మీ. లోతులో నిటారు ప్లగ్ వంగి సాకెట్ విరుగుతుంది. ఫ్రేమ్ ఆఖరున బిగించే ముందు బండిని ఒకసారి గతుకుల రోడ్డు మీద తిప్పి, స్క్రూలన్నీ మళ్ళీ చూసుకోండి.