క్వేకర్ సంఘంలో కాపరి పని ఏమిటి? ప్రసంగం తరువాత మౌనం మన సంఘాలకు సరిపడుతుందా?

ప్రశ్న: పర్లాకిమిడి నుండి ఒక సంఘ పెద్ద

అందరికీ ప్రభువు నామమున వందనములు. మా కాపరి గారు కొండ గ్రామాలకు వెళ్లిన ఆదివారాల్లో ఇక్కడ వాక్యం చెప్పే బాధ్యత నాది. కెనడా బాప్తిస్టు మిషనరీల కాలం నుండి మా ప్రాంతపు ఆరాధనకు ప్రసంగమే ఆయువుపట్టు. ఈ మధ్య క్వేకర్ల గురించి చదువుతుండగా ఒక సందేహం కలిగింది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధతో మొదలైన ఆ సమాజం, క్రీస్తు తన ప్రజలకు తానే బోధిస్తాడని నమ్మి, జీతం పుచ్చుకొనే బోధకుణ్ణి వద్దనుకొని, మౌనంగా కూర్చుని ఆత్మ ప్రేరణ కొరకు కనిపెట్టడాన్నే ఆరాధనగా చేసుకుంది. అయితే నేడు వారిలోనే ప్రతి ఆదివారం ప్రసంగించే కాపరులు ఉన్నారు. ఎవరైనా మాట్లాడవచ్చునని నమ్మే సంఘంలో ఆ కాపరి ఏ అధికారంతో నిలబడతాడు? అలాగే, ప్రసంగం ముగిసిన వెంటనే కీర్తన ఎత్తుకోకుండా సంఘమంతా కొంతసేపు మౌనంగా ఉండే పద్ధతిని మన సంఘాల్లో మొదలుపెట్టవచ్చునా? అనుభవజ్ఞులు తెలియజేయ ప్రార్థన.

జవాబు: బరంపురం నుండి, సంఘ చరిత్ర బోధించే ఉపాధ్యాయుడు

అయ్యగారూ, మీ మొదటి సందేహానికి జవాబు చరిత్రలో ఉంది. 19వ శతాబ్దం రెండవ భాగంలో అమెరికాలోని ఇండియానా, ఒహాయో, అయోవా ప్రాంతాల క్వేకర్ల మధ్య ఉజ్జీవ కూటములు జరిగి, కొత్తగా వచ్చిన విశ్వాసులకు వాక్యం నేర్పేవారు, ఇళ్లకు వెళ్లి పలకరించేవారు అవసరమైనందున అక్కడ కాపరులను పెట్టుకున్నారు. 1887లో ఇండియానాలోని రిచ్‌మండ్‌లో జరిగిన సమావేశం వెలువరించిన విశ్వాస ప్రకటనలో ఆ సువార్త ధోరణి స్పష్టంగా కనబడుతుంది. మన దేశంలోనూ ఒహాయో క్వేకర్లు 1896లో బుందేల్‌ఖండ్‌లో సేవ ప్రారంభించారు. కాబట్టి మౌనమే క్వేకర్లకు సర్వస్వమనుకోవడం సరికాదు; ఇంగ్లండులో చాలామంది పాత పద్ధతినే పాటిస్తుండగా, కెన్యాలో అత్యధికులు పాటలతో, ప్రసంగంతో ఆరాధిస్తారు.

కాపరి ఉన్న అనేక సంఘాల్లో ప్రసంగానికి ముందో తరువాతో కొంత సమయం ఎవరి పేరా రాయకుండా విడిచిపెడతారు. అప్పుడు కాపరి కూడా బల్ల మీద కూర్చున్న విశ్వాసుల్లో ఒకడు. ప్రేరణ కలిగినవారు లేచి మాట్లాడవచ్చు, ఎవరూ లేవకపోయినా ఆ ఆరాధనకు లోటు లేదు. అతని అధికారం గురించి మీరు అడిగారు గనుక నా అభిప్రాయం చెబుతాను: సంఘం ఆయనలో వాక్యం చెప్పే వరాన్ని గుర్తించి, ఆ పనికి ఆయన సమయాన్ని విడుదల చేసింది, అంతకు మించి ఇతరులకు లేని మెట్టేమీ ఆయనకు లేదు. క్వేకర్లు నీటి బాప్తిస్మం, ప్రభువు బల్ల బాహ్యంగా ఆచరించకపోవడంతో నేను ఏకీభవించను, కానీ ప్రసంగించేవాడు తన మాట చెప్పాక సంఘంతో కలిసి వినేవాడు కావాలనే పాఠం మనకు ఎంతో అవసరం.

మన ఒడిశాలోనే, నాటి సంబల్‌పూర్ జిల్లా బర్పాలిలో అమెరికా క్వేకర్ల సేవా సంస్థ 1952 నుండి 1962 వరకు పనిచేసింది. అక్కడివారు దుర్వాసన పైకి రాకుండా గొట్టపు వంపులో నీరు నిలిచి ఉండే (వాటర్ సీల్) చవక మరుగుదొడ్లను ప్రచారంలోకి తెచ్చారు. మత ప్రచారం వారి పని కాదు. విశ్వాసం ప్రసంగ వేదిక దగ్గరే ఆగిపోదని వారు నమ్మిన తీరు నన్ను నేటికీ ఆలోచింపజేస్తుంది.

జవాబు: గుణుపురం నుండి ఒక కాపరి

పెద్దలందరికీ వందనములు. నాకు భిన్నాభిప్రాయం ఉంది. మా సంఘానికి సవర గ్రామాల నుండి తెల్లవారకముందే బయలుదేరి నడిచి వచ్చే తల్లులున్నారు. వారిలో చాలామందికి చదువు రాదు, వారమంతటికీ వాక్యం అందేది ఆ ఒక్క పూటే. ఆ సమయంలో కొంత తీసి మౌనానికి ఇవ్వడం న్యాయమా? పైగా మన సంఘాల్లో మౌనం వహిస్తే ముందుగా లేచి మాట్లాడేది ఎప్పుడూ మాట్లాడే పెద్దలే. కాపరి సిద్ధపడి, ప్రార్థించి చెప్పే మాటకు బదులుగా సంఘ తగాదాలు సాక్ష్యం పేరుతో బయటికి రావచ్చు. ప్రసంగం దీర్ఘంగా ఉండకూడదంటే ఒప్పుకుంటాను. వాక్యం ఆకలిగొన్నవారి ఎదుట కాపరి నోరు కట్టుకోవాలంటే మాత్రం ఒప్పుకోలేను.

జవాబు: సిరొంచ నుండి, స్త్రీల సమాజపు కార్యదర్శి

కాపరి గారి ఆందోళన నిజమైనదే. అయినా మా గడ్చిరోలి వైపు అనుభవం ఒకటి మనవి చేస్తాను. మా ఆరాధనలో తెలుగు ప్రసంగాన్ని వాక్యం వెంట వాక్యం మరాఠీలోకి చెబుతారు. అనువదించే సహోదరుడు ఒక చేత్తో మైకు పట్టుకొని, రెండవ చేతి వేలు బైబిలులోని వచనం మీద ఉంచి, బోధకుడు ఊపిరి తీసుకొనేలోగా ముగించాలని తొందరపడతాడు. విన్న మాట మనసులో నిలిచేలోగా మరో మాట వచ్చి పడుతుంది. ఒక ఆదివారం కరెంటు పోయి మైకు ఆగినప్పుడు, బోధకుడు కూడా మాట ఆపి నిలబడ్డారు. ఆ కాసేపటిలో వెనుక వరుసలోని ఒక వితంతువు, అంతకుముందు సంఘంలో నోరు విప్పి ఎరుగని ఆమె, చాప మీద నుండి లేవకుండానే ప్రార్థించింది. తెలుగువారికీ మరాఠీవారికీ కూడా ఆనాటి ప్రసంగం కన్నా ఆ ప్రార్థనే ఎక్కువగా గుర్తుంది.

క్వేకర్లలో స్త్రీలు తొలినాళ్ల నుండే బోధించారు. మార్గరెట్ ఫెల్ 1666లోనే స్త్రీలు సంఘంలో మాట్లాడే హక్కును సమర్థిస్తూ రాసింది. పెద్దలే ముందుగా లేస్తారన్న భయానికి వారి పద్ధతిలోనే ఒక మందు ఉంది: ఒకరు మాట్లాడాక వెంటనే మరొకరు లేవకుండా, విన్నదాన్ని మనసులో ఉంచుకోవడానికి కొంత వ్యవధి ఇస్తారు, ఎవరి మాటకూ అక్కడే బదులు చెప్పరు, వాదించరు. సంఘ వ్యవహారాల్లో కూడా వారు ఓట్లు లెక్కించరు. అందరి మనసూ ఒక దారికి వచ్చేవరకు ఆగి, నిర్వాహకుడు తీర్మానం రాసి అక్కడే చదివి వినిపిస్తాడు. సంఘ ఎన్నికల వల్ల చీలిన కుటుంబాలను చూసినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రశ్న అడిగిన సంఘ పెద్ద

అందరికీ కృతజ్ఞతలు. గుణుపురం కాపరి గారూ, మీరన్న తల్లులు మా సంఘంలోనూ ఉన్నారు, వారి వాక్యం వారికి తగ్గకూడదన్న మీ మాటను శిరసావహిస్తాను. అందుచేత ప్రసంగాన్ని కుదించను. దాని తరువాత మేము చదివే ప్రకటనలను ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర చెప్పించి, మిగిలిన సమయాన్ని మౌనానికి కేటాయించమని పెద్దల కూటమిలో అడుగుతాను. సిరొంచ సహోదరి గారూ, పాత పద్ధతి క్వేకర్ల కూటమిలో పెద్దలు కరచాలనం చేసి ముగింపు తెలుపుతారని చదివాను. మా వద్ద మౌనాన్ని ముగించే పని ప్రసంగించినవారికి కాక స్త్రీల సమాజానికి అప్పగిస్తే బాగుంటుందని నాకు తోస్తున్నది. మీ సమాజంలో అటువంటి బాధ్యత ఎవరికైనా ఇచ్చి ఉంటే, ఎలా ఏర్పాటు చేసుకున్నారో తెలియజేయండి.