ప్రభుత్వం, పరిశ్రమ, ప్రజాసంఘాల మధ్య ఉద్యోగం: ఈ రంగంలో ఉన్నవారి అనుభవాలు కావాలి

తూర్పుగాలి
రాజనీతిశాస్త్రంలో పీజీ చేసి, తాగునీటి నాణ్యతపై పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఉన్నాను. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ పబ్లిక్ అఫైర్స్ విభాగం (ప్రభుత్వంతో, ప్రజాసంఘాలతో వ్యవహారాలు చూసే విభాగం) నుంచి పిలుపు వచ్చింది. ఇంట్లో "పైరవీలు చేసే ఉద్యోగమా?" అంటున్నారు. మా సంస్థలో పెద్దవాళ్లేమో, అటు వెళ్తే మళ్లీ ఇటువైపు ఎవరూ నమ్మరంటున్నారు. ఈ పనిలో ఉన్నవారు రోజంతా నిజంగా ఏం చేస్తారు? చదువుకు విలువ ఉంటుందా, లేక పరిచయాలే పెట్టుబడా?

మార్జిన్
పరిశ్రమ వైపు నుంచి చెబుతున్నాను. పరిచయం ఉంటే అపాయింట్‌మెంట్ దొరుకుతుంది, అంతవరకే. లోపల కూర్చున్నాక మీ దగ్గర విషయం లేకపోతే రెండోసారి పిలవరు. మా పనిలో ఎక్కువ భాగం చదవడమే: ముసాయిదా నిబంధనలు, చట్టసభల కమిటీ నివేదికలు, తీర్పులు, మనల్ని వ్యతిరేకించేవారి వాదనలు.

ఒక ఉదాహరణ చెబుతాను. ప్యాకెట్లపై హెచ్చరిక ముద్రించాలని ఒక ముసాయిదా వచ్చింది. యాజమాన్యం మొత్తంగా వ్యతిరేకిద్దామంది. చదివి చూస్తే హెచ్చరికతో పెద్ద చిక్కేమీ లేదు. అప్పటికే గోదాముల్లో, దుకాణాల్లో ఉన్న సరుకుకు కూడా అదే రోజు నుంచి వర్తిస్తుందనడమే చిక్కు. అమ్మకాల విభాగం వెంటపడి, ఏ సరుకు ఎన్నాళ్లకు అమ్ముడవుతుందో లెక్క తీయించాను. ఆ లెక్కను మొదట వినియోగదారుల సంఘం ముందు పెట్టాను. గడువు ఇస్తే ఏళ్ల తరబడి సాగదీస్తారని వాళ్ల భయం, అందులో న్యాయముంది. చివరికి కొత్త తయారీకి వెంటనే ముద్రణ, పాత సరుకుకు స్టిక్కర్, దానికీ ఒక ఆఖరి తేదీ అన్న ప్రతిపాదన కుదిరింది. ఎవరి లేఖ వాళ్లే రాశాం, రెండింటిలోనూ అదే కోరాం. నా దృష్టిలో ఈ ఉద్యోగమంటే ఇదే.

ఫైలుదారం
ప్రభుత్వంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మార్జిన్ గారి మాటకు నా వైపు నుంచి కొంత చేర్చాలి. అభ్యంతరాల గడువు ముగిసేసరికి అధికారి బల్లపై గుట్టలుగా లేఖలు ఉంటాయి. చాలావాటిలో "పరిశ్రమ దెబ్బతింటుంది" అనో, "ప్రజలకు అన్యాయం" అనో తప్ప మరేమీ ఉండదు. ఏ నిబంధనలో ఏ వాక్యం మార్చాలి, దాని స్థానంలో ఏం రాయాలి, మారిస్తే ఎవరికి నష్టం? ఈ మూడూ ఒక పేజీలో చెప్పిన లేఖను ఎవరు పంపినా పక్కన పెట్టుకునేవాణ్ని. ముఖ్యంగా ఆ మూడోది. తాము కోరే మార్పు వల్ల నష్టపోయేవారెవరో తామే చెప్పేవారు అరుదు, అలాంటివారినే తర్వాత కూడా సలహా అడిగేవాళ్లం.

ఇంకొకటి, సమయం. ముసాయిదా బయటికి రాకముందే, సమస్య ఏమిటో శాఖ ఇంకా అర్థం చేసుకుంటున్న దశలోనే సమాచారం ఇవ్వండి. మంత్రివర్గం ఆమోదించాక పరుగెత్తుకొచ్చేవారికి నిజంగా ఏమీ చేయలేం.

నదీతీరం
ఇంట్లోవాళ్ల ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి, అది సరైన ప్రశ్న. అందుకే చాలా దేశాలు చట్టాలు చేసుకున్నాయి. అమెరికాలో 1995 నాటి లాబీయింగ్ (ప్రభుత్వ నిర్ణయాలను ప్రభావితం చేసే ప్రయత్నం) వెల్లడి చట్టం ప్రకారం ఎవరి తరఫున, ఏ అంశంపై పనిచేస్తున్నారో నమోదు చేయాలి. ఐర్లండ్ 2015లో ఇలాంటి చట్టమే తెచ్చింది, అక్కడ ఏడాదికి మూడుసార్లు వివరాలివ్వాలి, వాటిని ఎవరైనా చూడవచ్చు. కెనడాలో ఉన్నత పదవుల్లో ఉన్నవారు దిగిపోయాక ఐదేళ్లపాటు లాబీయింగ్ చేయకూడదు. భారతదేశంలో ఇలాంటి ప్రత్యేక నమోదు చట్టం లేదు. అలాంటి చోట ఆ క్రమశిక్షణ మనమే పెట్టుకోవాలి: ఎవరిని కలిశాం, ఏం అడిగాం, ఏ కాగితం ఇచ్చాం అన్నది రాసి ఉంచాలి. అలా రాయడానికి సంకోచించే సమావేశానికి వెళ్లకపోవడమే మేలు.

గట్టుచెట్టు
నేను ప్రజాసంఘాల వైపు. అటు వెళ్తే ఇక నమ్మరన్న మాటతో ఏకీభవించను. మాకు కంపెనీల లోపల మా భాష తెలిసినవారు కావాలి.

2013 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లోని ఢాకా దగ్గర, దుస్తుల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అంతకుముందు కూడా ఆ దేశంలోని దుస్తుల ఫ్యాక్టరీల్లో తనిఖీలు జరిగేవి, బ్రాండ్ల దగ్గర నియమావళులూ ఉండేవి. కార్మికులను అవి కాపాడలేదు. భవనం కూలిన కొన్ని వారాల్లోనే బ్రాండ్లు, అంతర్జాతీయ కార్మిక సంఘాలు ఫ్యాక్టరీల భద్రత కోసం ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి. స్వచ్ఛంద సంస్థలు సాక్షులుగా ఉన్నాయి, అంతర్జాతీయ కార్మిక సంస్థ తటస్థ అధ్యక్షత వహించింది. అంతకుముందున్న హామీలకూ దీనికీ ప్రధానమైన తేడా, ఇది చట్టబద్ధంగా కట్టుబడాల్సిన ఒప్పందం. అలాంటి ఒప్పందం కుదరాలంటే కంపెనీ బోర్డు గదిలో "సంతకం చేద్దాం" అని వాదించే మనిషి ఒకరుండాలి. తూర్పుగాలి గారూ, మీరు ఆ మనిషి కాగలరా అన్నదే నా ప్రశ్న.

నిప్పుకణిక
నేను ఈ ఉద్యోగం వదిలేసి బయటికి వచ్చాను, కాబట్టి రెండో వైపు కూడా వినండి. మా కంపెనీ వేదికలెక్కి పర్యావరణ నిబంధనలను స్వాగతించేది. అదే కంపెనీ చందా కట్టే పరిశ్రమ సంఘం అవే నిబంధనలను ఆపమని లేఖలు రాసేది. నేను స్వచ్ఛంద సంస్థలతో కూర్చుని మాట్లాడిన ప్రతి మాటా ఆ లేఖలతో చెల్లకుండా పోయేది. ఎన్నిసార్లు అడిగినా "సంఘం అభిప్రాయం వేరు, మన అభిప్రాయం వేరు" అనేవారు. గట్టుచెట్టు గారు చెప్పిన ఆ ఒక్క మనిషికి బోర్డు గదిలో కుర్చీ లేకపోతే, ఆయన చేయగలిగింది ఫొటోల్లో నిలబడటమే.

మార్జిన్
నిప్పుకణిక గారు చెప్పింది నిజం, చాలాచోట్ల ఉన్నదే. అందుకే చేరేముందే తేల్చుకోవాలి. ఈ విభాగం ఎవరి కింద పనిచేస్తుందో అడగండి. ప్రచార విభాగం కింద ఉంటే నిర్ణయాలు అయిపోయాక మీకు తెలుస్తాయి. సీఈఓకు నేరుగా నివేదిస్తే, తీసుకునే ముందే తెలిసే అవకాశం ఉంటుంది.

తూర్పుగాలి
అందరికీ కృతజ్ఞతలు. ఇంటర్వ్యూలో రెండు విషయాలు అడగాలనుకుంటున్నాను: కంపెనీ ఏయే పరిశ్రమ సంఘాల్లో సభ్యత్వం తీసుకుంది, విభాగం ఎవరికి నివేదిస్తుంది. ఇంకేమైనా ఉందా?

ఫైలుదారం
ఇటీవల ప్రభుత్వానికి పంపిన అభ్యంతరాల లేఖ ఒకటి చూపించమనండి. బహిరంగ సంప్రదింపులకు పంపిన లేఖను చూపించడానికి మామూలుగా ఇబ్బంది ఉండకూడదు. చూపిస్తే, మీ ప్రస్తుత సంస్థలో మీరు ఎక్కువగా గౌరవించే పెద్దల చేత ఒకసారి చదివించండి. ఆ తర్వాత జీతం సంగతి మాట్లాడండి.