జాతి దూషణ పదాల మీద కంపెనీ నియమం: ఈ రెండు వాక్యాలు ఎలా రాయాలి?

అమెరికాలో 60 మంది పనిచేసే గోడౌన్‌కు ప్రవర్తనా నియమావళి తయారవుతోంది. హెచ్ఆర్‌లోనో, ఉద్యోగ చట్టాల్లోనో అనుభవమున్నవాళ్ళు దయచేసి సాయం చెయ్యండి.

చట్టం వరకు స్పష్టమే. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల చట్టం ఏడో అధ్యాయం 15 మంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట వర్తిస్తుంది. ఫిర్యాదుకు గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. అన్నవాళ్ళూ పడ్డవాళ్ళూ ఒకే జాతైతే ఫర్వాలేదనుకోవడం తప్పు. 2013లో న్యూయార్క్‌లో నల్లజాతి ఉద్యోగినిని నల్లజాతి పైఅధికారే ‘ఎన్’తో మొదలయ్యే మాట (నల్లజాతివాళ్ళను కించపరిచే తిట్టు) అన్న కేసులో జ్యూరీ మొత్తం 2,80,000 డాలర్లు ఇప్పించింది.

అందుకే ‘ఎవరన్నా నిషేధమే’ అని రాశాం. చిక్కల్లా శిక్ష దగ్గర. ఇద్దరు స్నేహితులు భోజనాల బల్ల దగ్గర ఆ మాటతో పలకరించుకోవడానికీ, సూపర్‌వైజర్ అదే మాట ఒకరి ముఖం మీద అనడానికీ ఒకే శిక్ష అంటే అన్యాయం. అలాగని జాతిని బట్టి శిక్ష మారిస్తే అదే వివక్ష కేసవుతుంది. హోదా, ఉద్దేశం, ఎవరిని అన్నారు, ఎన్నిసార్లు అన్నారు అన్నవాటిని బట్టి మార్చాలనుకుంటున్నాం. ఈ వాక్యం ఎలా ఉండాలి?

రెండోది మినహాయింపు. ‘నన్ను ఇలా అన్నాడు’ అని ఫిర్యాదులో ఆ మాట పలికినవాళ్ళను శిక్షిస్తే అది ప్రతీకారం కిందికొస్తుంది. విచారణ నివేదికలో ‘అభ్యంతరకర పదం’ అని దాటేస్తే సాక్ష్యం బలహీనపడుతుంది, అన్న మాట అన్నట్టే ఉండాలి.

మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, సూపర్‌వైజరైతే నేరుగా సస్పెన్షన్: ఈ అంచెలు మీ దగ్గర నిలబడ్డాయా? మీరు వాడిన వాక్యాలుంటే కంపెనీ పేరు తీసేసి ఉన్నదున్నట్టు పెట్టండి.