ఫ్లష్ ట్యాంక్ నీళ్లు కమోడ్‌లోకి కారుతున్నాయి, వాషర్ మారిస్తే చాలా?

అందరికీ నమస్కారం. మా ఫ్లష్ ట్యాంక్ నుంచి నీళ్లు సన్నగా కారుతూనే ఉన్నాయి. బయట ఒక్క చుక్క కూడా కనపడదు, అంతా కమోడ్ లోపలికే. ఎవరూ వాడకపోయినా ట్యాంక్ మధ్యమధ్యలో దానంతటదే నిండుతూ ఉంటుంది. మంచి నీళ్లు ఇలా వృథాగా పోతుంటే ప్రాణం ఒప్పట్లేదు.

మూత తీసి చూశాను. నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకి ఒక అంగుళం కిందే ఆగుతున్నాయి, కాబట్టి ఫ్లోట్ బాగానే ఉన్నట్టే. ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ కలిపి, ఫ్లష్ చేయకుండా 20 నిమిషాలు వదిలేస్తే కమోడ్‌లోకి రంగు దిగింది. అంటే లీకు అడుగున ఉన్న వాల్వ్ దగ్గరే. నీళ్లు కట్టేసి దాన్ని ఊడదీశాను. కింది రబ్బరు వాషర్ బిరుసెక్కి, ఒక పక్కన సన్నగా చీలి ఉంది. అది కూర్చునే ప్లాస్టిక్ అంచు మీద తెల్లటి గార, వేలితో తడిమితే గరుగ్గా తగులుతోంది.

వాషర్ ఒక్కటి మారిస్తే లీకు ఆగుతుందా, లేక వాల్వ్ మొత్తం మార్చాలా? కొత్తది కొనేటప్పుడు బయటి వ్యాసం, లోపలి రంధ్రం, మందం మూడూ కొలవాలా? గార తీయడానికి బాత్రూం యాసిడ్ వాడమంటున్నారు కానీ, ప్లాస్టిక్ పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి ఉంచితే సరిపోతుందా? ట్యాంకులో క్లోరిన్ బిళ్లలు వేస్తుంటాం, రబ్బరు బిరుసెక్కింది వాటివల్లేనా? సొంతంగా ఈ పని చేసుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.