ట్రైరీమ్ (పాతకాలపు గ్రీకు యుద్ధనౌక) పట్టే సొరంగం ఎంత ఎత్తు ఉండాలి?

మైన్‌క్రాఫ్ట్‌లో (బ్లాకులు పేర్చి కట్టే వీడియో గేమ్) అట్లాంటిస్ కడుతున్నాను, సముద్రంలో మునిగిపోయిందని కథల్లో చెప్పే నగరం. మిగతా గేముల్లో చూపించే నగరం కాదు, గ్రీకు తత్వవేత్త ప్లేటో తన ‘క్రిటియాస్’ గ్రంథంలో ఇచ్చిన కొలతల ప్రకారం. ఒక బ్లాక్ అంటే ఒక మీటరు, ఒక స్టేడియాన్ (పాత గ్రీకు దూరపు కొలత) అంటే 185 మీటర్లు అనుకున్నాను. మధ్యలో 5 స్టేడియాల దీవి, చుట్టూ మూడు నీటి వలయాలు, రెండు నేల వలయాలు. మొత్తం అడ్డంగా 27 స్టేడియాలు, అంటే 4,995 బ్లాకులు. ఇక్కడిదాకా బాగానే వచ్చింది.

చిక్కంతా వంతెనల దగ్గర. అక్కడ నేల వలయాలను తొలిచి, ఒక ట్రైరీమ్ పట్టేంత దారి చేసి, పైన కప్పు వేశారని ప్లేటో రాశాడు. గట్లు నీటికి బాగా ఎత్తుగా ఉన్నాయంటాడే తప్ప ఎంత ఎత్తో చెప్పడు. (సముద్రం నుంచి తవ్విన కాలువకు మాత్రం వెడల్పు 300 అడుగులు, లోతు 100 అడుగులని లెక్కగా చెప్పాడు మహానుభావుడు!)

ఓడను 1987లో గ్రీసులో నీళ్లలోకి దించిన ‘ఒలింపియాస్’ (ట్రైరీమ్ నమూనాగా ఈ కాలంలో కట్టిన ఓడ) కొలతలతో కట్టాను: పొడవు 37, వెడల్పు 6 బ్లాకులు. కప్పు నీటికి 6 బ్లాకుల ఎత్తున పెడితే తెరచాప కొయ్య అడ్డం వస్తోంది. 12 పెట్టినా కొన తగులుతోంది. 20 చేస్తే నేల వలయం కోటగోడలా లేచి, వంతెన ఎక్కడమే నిచ్చెన ఎక్కినట్టుంది.

యుద్ధానికి వెళ్లేటప్పుడు పెద్ద కొయ్యను ఒడ్డునే వదిలేసేవారని చదివాను. కాబట్టి ఇక్కడా కొయ్య తీసేద్దామనుకుంటున్నా. అలా తీసేశాక, ట్రైరీమ్‌లో అన్నిటికన్నా ఎత్తైన భాగం నీటి మట్టం నుంచి ఎన్ని మీటర్లు ఉంటుంది?